బడి గంట ఆగినా ఆట గంట ఆగకూడదు

బషీర్‌బాగ్ చౌరస్తాలో నిలబడితే ఒకవైపు లాల్ బహదూర్ స్టేడియం, మరోవైపు నిజాం కాలేజీ. అక్కడి నుంచి గన్‌ఫౌండ్రీ మీదుగా ఆబిడ్స్ వైపు నడిస్తే రోజరీ కాన్వెంట్, ఆల్ సెయింట్స్, స్టాన్లీ, సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్, లిటిల్ ఫ్లవర్. మన క్రైస్తవ విద్యాసంస్థలు ఇంత దగ్గర దగ్గరగా ఉన్న చోట్లు నగరంలో తక్కువ. మామూలు ఏడాదైతే జూన్ రెండో వారానికి ఈ దారంతా యూనిఫాంలతో, ఆటోలతో కిక్కిరిసి ఉండేది. 2021 జూన్‌లో మాత్రం గేట్లన్నీ మూసే ఉన్నాయి.

తెలంగాణలో బడులు 2020 మార్చి 16న మూతపడ్డాయి. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు, అదే నెల 24న ఆరు నుంచి ఎనిమిది తరగతులకు తెరుచుకున్నాయి. నెల తిరగకుండానే మార్చి 24న మళ్లీ మూసేశారు. మే 12 నుంచి రెండో లాక్‌డౌన్ వచ్చింది. ఐదో తరగతి లోపు పిల్లలైతే ఆ జూన్ నాటికి పదిహేను నెలలుగా బడి గడప తొక్కలేదు. అయినా పాఠాలు ఏదో ఒక రూపంలో సాగాయి. 2020 సెప్టెంబర్ 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో తరగతులు ప్రసారం చేశారు. రెండేళ్లూ పదో తరగతి పరీక్షలు రద్దయినా పిల్లలను పై తరగతికి పంపే మార్గం దొరికింది. మరి ఆట, పాట, బొమ్మలు గీయడం, నాటకం, వక్తృత్వం, స్కౌట్స్, ఎన్‌సీసీ సంగతి? పాఠాలకు ప్రత్యామ్నాయం వెతికిన మనం వీటికి మాత్రం సెలవు ప్రకటించి ఊరుకున్నాం.

ఆక్సిజన్ కోసం జనం పరుగులు తీసిన రోజుల్లో ఆటపాటల గొడవేమిటని ఎవరైనా అడగవచ్చు. ప్రాణం కంటే ఏదీ ఎక్కువ కాదు, నిజమే. కానీ ఆ రోజుల్లో పిల్లలు ఎక్కడున్నారు? అదే ఇంట్లో, అదే భయం మధ్య, ఏమీ తోచకుండా ఉన్నారు. కొందరు ఇంటి పెద్దను పోగొట్టుకున్నారు. అలాంటి పిల్లవాడికి గణితం ఒక నెల ఆలస్యంగా నేర్పవచ్చు. మనసులోని దుఃఖం పాటగానో బొమ్మగానో బయటికి రావడానికి మాత్రం నెలలు ఆగమనలేం.

అసలు ‘అదనపు’ కార్యక్రమాలు అన్న పేరులోనే పొరపాటుంది. 2020 జులై 29న కేంద్రం ఆమోదించిన జాతీయ విద్యా విధానం పాఠ్యాంశాలకు, సహపాఠ్య అంశాలకు మధ్య గట్టి గీత ఉండకూడదని చెప్పింది. ఐదేళ్ల నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. క్రికెటర్ అజారుద్దీన్ చదివింది గన్‌ఫౌండ్రీలోని ఆల్ సెయింట్స్‌లోనే. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణను ఎవరెస్టు శిఖరం దాకా చేర్చింది సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల ఇచ్చిన అవకాశమే. పేదింటి బిడ్డకు కొండ ఎక్కే తాడును అందించినది బడే అని మరచిపోకూడదు.

అసలు నష్టం ఎవరిదో ఇక్కడే తెలుస్తుంది. ఉన్నవాళ్ల ఇంట్లో కీబోర్డు ఉంటుంది, ఆన్‌లైన్‌లో డాన్స్ టీచర్ ఉంటారు, అపార్ట్‌మెంట్‌లో షటిల్ కోర్టు ఉంటుంది. ఒకే గదిలో ఐదుగురు ఉండే ఇంటి పిల్లకు బంతి, రంగులు, కథల పుస్తకాలు, వేదిక అన్నీ బడిలోనే. బడి మూతపడితే ఆమెకు ఇవన్నీ ఒక్కసారే పోతాయి.

ఆన్‌లైన్ దీన్ని కొంతవరకే తీర్చింది. 2020 సెప్టెంబర్‌లో అసర్ సంస్థ ఫోన్ ద్వారా చేసిన సర్వేలో, గ్రామీణ భారతంలో బడిలో పేరున్న పిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 61.8 శాతం. ఉన్న ఆ ఒక్క ఫోన్ కూడా తండ్రితో పనికి వెళ్తుంది. పైగా అన్ని కార్యక్రమాలూ ఫోన్‌లో ఇమడవు. వక్తృత్వం, కథ చెప్పడం, క్విజ్, చదరంగం, బొమ్మలు బాగానే నడుస్తాయి. బృందగానం నడవదు. వీడియో కాల్‌లో ఒకరి గొంతు మరొకరికి క్షణం ఆలస్యంగా చేరి తాళం తప్పుతుంది. దానికో దారి ఉంది. టీచర్ పంపిన ట్రాక్ వింటూ ఎవరి భాగం వారు పాడి పంపితే తర్వాత కలపవచ్చు. కబడ్డీ, ఫుట్‌బాల్ ఎలాగూ కుదరవు. వాటి బదులు తాడాట, తొక్కుడుబిళ్ల, అష్టాచెమ్మా, వామనగుంటలు ఇంట్లోనో డాబా మీదో ఆడుకోవచ్చు. వీటికి డేటా ప్యాక్ అక్కర్లేదు, తోడుగా కూర్చునే ఒక పెద్దమనిషి కావాలి.

ఆన్‌లైన్ పోటీలు పెట్టి సర్టిఫికెట్లు పంపడంతో పని అయిపోయిందనుకోవడం మరో పొరపాటు. బొమ్మ అమ్మ వేస్తుంది, ఉపన్యాసం నాన్న రాస్తాడు, మంచి కెమెరా ఉన్నవాడికి బహుమతి. పోటీ కంటే పలకరింపు మేలు. ఎన్‌సీఈఆర్‌టీ 2020 ఏప్రిల్‌లో ఇచ్చిన ప్రత్యామ్నాయ క్యాలెండర్‌లో కళలకు, వ్యాయామానికి చోటుంది. ఇంటర్నెట్ లేని ఇంటికి టీచర్ ఫోన్ కాల్‌తోనో ఎస్సెమ్మెస్‌తోనో దారి చూపవచ్చని అందులోనే ఉంది. మన గురుకులాల పిల్లలైతే ఊళ్లకు వెళ్లాక ‘విలేజ్ లెర్నింగ్ సర్కిల్స్’ పేరుతో తమ వాడలోని చిన్నవాళ్లను చేరదీసి చదువు చెప్పారు. పిల్లలే చేయగలిగిన పని పెద్దలకు అసాధ్యమా?

మరొకరిని కూడా తలచుకోవాలి. పీఈటీ సార్, మ్యూజిక్ టీచర్, డ్రాయింగ్ మాస్టారు. 2020 ఏప్రిల్ 21న ప్రభుత్వం ఇచ్చిన జీవో 46 ప్రైవేటు బడులు ట్యూషన్ ఫీజు మాత్రమే, అదీ నెలనెలా తీసుకోవాలంది. పనులు పోయిన తల్లిదండ్రులకు అది న్యాయమైన ఊరట. అయితే ఆదాయం తగ్గిన బడి ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే మొదట కత్తెర పడేది సిలబస్‌లో లేని గంటకే. 2021 ఏప్రిల్ నుంచి ప్రైవేటు బడుల ఉపాధ్యాయులకు, సిబ్బందికి ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చిందంటే వారి స్థితి ఎంత దిగజారిందో తెలుస్తోంది. ఆట నేర్పే మనిషి కూరగాయల బండి పెట్టుకుని వెళ్లిపోతే, బడి తెరిచిన రోజున మైదానం ఉంటుంది గాని ఆట ఉండదు.

ఇక్కడ సంఘం చేయగలిగింది ఉంది. ఆరాధన ఆగకూడదని మనం నెల తిరగకుండా యూట్యూబ్, జూమ్ నేర్చుకున్నాం. వీబీఎస్ కూడా చాలాచోట్ల ఫోన్‌లోకి వచ్చింది. ఆ పట్టుదలలో కొంత పిల్లల వారపు రోజులకు ఇద్దాం. ప్రతి సండే స్కూల్ టీచర్ వారానికి ఐదుగురు పిల్లలకు ఫోన్ చేసి, ఏం చదివావని కాక ఏం ఆడావు, ఏం పాడావు అని అడగాలి. క్వయర్‌లో గిటార్, తబలా వచ్చిన యువకులు ఒక్కొక్కరు ఇద్దరేసి పిల్లలకు నేర్పాలి. 2021 జూన్ 10 నుంచి సాయంత్రం 5 గంటల దాకా సడలింపు వచ్చింది గనుక కథల పుస్తకాలు, రంగు పెన్సిళ్లు, ఒక తాడు ఉన్న సంచిని ఇంటింటికీ మార్చి మార్చి పంపవచ్చు. గుంపు చేరనక్కర్లేదు. సంఘంలో ఉపాధి పోయిన పీఈటీనో సంగీతం టీచరో ఉంటే ఈ పనికి వారినే పిలిచి, నెలకింత అని గౌరవంగా జీతం ఇవ్వాలి. దాన్ని దానంగా చూడకూడదు, అది పనికి తగిన కూలి.

అసలు పరీక్ష బడులు తెరిచాక వస్తుంది. పోయిన సిలబస్ అందుకోవాలన్న హడావుడిలో పీటీ పీరియడ్ గణితానికి, లైబ్రరీ పీరియడ్ సైన్సుకు పోయే ప్రమాదం ఉంది. అప్పుడు మన పాఠశాలల కమిటీల్లో కూర్చున్న సంఘ పెద్దలు, పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లే తల్లిదండ్రులు నోరు విప్పాలి. వారానికి రెండు ఆట పీరియడ్లు, ఒక పాట పీరియడ్ కదలకూడదని అడగాలి.

పాడుబడిన యెరూషలేము మళ్లీ కోలుకుంటుందని చెప్పిన జెకర్యా ప్రవక్త అందుకు చూపిన గుర్తు కోటా కాదు, ఖజానా కాదు. వీధుల్లో ఆడుకునే మగపిల్లలు, ఆడపిల్లలు (జెకర్యా 8:5). మన నగరం కోలుకుందని కేసుల సంఖ్య తగ్గినప్పుడు ప్రభుత్వం ప్రకటిస్తుంది. బషీర్‌బాగ్ నుంచి ఆబిడ్స్ దాకా బడి మైదానాల్లో కేకలు వినిపించిన రోజున మనకు నమ్మకం కలుగుతుంది. ఆ రోజు వచ్చేదాకా ఆ పిల్లల ఆటను, పాటను కాపాడే బాధ్యత మనది.