ఫ్రిజ్ ముందు మనం, వెనక ఎవరు?

ఫ్రిజ్‌కి రెండు వైపులున్నాయి. ముందు వైపు ఆడవాళ్లది. అరలు తుడవడం, ఒలికిన పాలు కడగడం, కుళ్లిన కొత్తిమీర ఏరి పారేయడం, నిన్నటి పప్పు ఇవాళ ఎవరికి వడ్డించాలో లెక్క వేసుకోవడం, ఇదంతా చాకిరీ. వెనక వైపు మగవాళ్లది. అక్కడ కంప్రెసర్, రిలే, గొట్టాల జాలీ ఉంటాయి. అది చాకిరీ కాదట, పరిజ్ఞానమట! ఒకే పెట్టె మధ్యలో ఈ సరిహద్దు ఎవరు గీశారు?

వంటింటి మీద మన కథలూ, కవితలూ, సెమినార్ పత్రాలూ తక్కువేం కాదు. కానీ వంటింట్లోని యంత్రం దగ్గరికి వచ్చేసరికి మన విమర్శ దాని తలుపు దగ్గరే ఆగిపోతోంది. జెండర్ సిద్ధాంతాలు గంటల తరబడి మాట్లాడగలిగిన వాళ్లం, పాలు విరిగిపోతే మాత్రం “ఆయన్ని రానీ, చూస్తారు” అంటాం. పాలు విరిగినందుకు మాటపడేది ఎవరు? మనమే. బాధ్యత మనది, తెలివి వాళ్లది అనే పంపకానికి మనమూ సంతకం పెడుతున్నాం.

నేను ఒంటరిగా అద్దె ఇంట్లో ఉంటాను. రిపేరుకి వచ్చిన మనిషి మొదట అడిగేది “సార్ లేరా?” అని. రెండో మాట “గ్యాస్ అయిపోయింది మేడమ్” అని. ఫ్రిజ్‌లో గ్యాస్ అయిపోదు. అది వంటగ్యాస్‌లా మండి ఖర్చయ్యేది కాదు. మూసేసిన గొట్టాల్లో ఆవిరిగా, ద్రవంగా మారుతూ లోపలి వేడిని మోసుకొచ్చి బయట వదులుతూ తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఆ చోటు వెతికి మూయకుండా నింపితే మళ్లీ పోతుంది. “లీకు ఎక్కడుంది?” అన్న చిన్న ప్రశ్న మనకి తెలియకుండా ఉంచినందుకే ఎంతోమంది ఆడవాళ్లు డబ్బు కట్టుకుంటున్నారు.

నిజానికి చాలా ఫిర్యాదులకి గ్యాస్‌తో సంబంధమే ఉండదు. వెనక జాలీకి దుమ్ము పడితే వేడి బయటికి పోదు. ప్లగ్ తీసేసి బ్రష్‌తో దులపాలి, గోడకి కాస్త దూరం జరపాలి. కొత్త మోడళ్లలో ఆ గొట్టాలు పక్క గోడల లోపలే ఉంటాయి, కాబట్టి పక్కలు వెచ్చబడితే కంగారక్కర్లేదు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే రబ్బరు పట్టడం లేదన్నమాట. ముందు సబ్బునీళ్లతో తుడిచి చూడాలి. తిప్పే మీట మీది అంకెలు డిగ్రీలు కావు. లోపల 5 డిగ్రీల లోపు, ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉండాలి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో మంచు అర సెంటీమీటరు దాటితే కరిగించాలి, చాకుతో పొడవకూడదు. పొడిస్తే లోపలి పల్చటి గొట్టానికి చిల్లు పడి నిజంగానే గ్యాస్ పోతుంది. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది ఐసోబ్యూటేన్. అది మండే వాయువు కాబట్టి ఆ గొట్టాల పని శిక్షణ ఉన్నవాళ్లకే వదలాలి. డబుల్ డోర్ ఫ్రిజ్ అడుగున నీళ్లు చేరితే నీళ్లు పోయే రంధ్రం పూడిందేమో చూడాలి. తలుపు ముట్టుకోగానే జివ్వుమంటే ప్లగ్ లాగేసి ఎర్తింగ్ చూపించాలి. తడినేల మీద వట్టి కాళ్లతో నిలబడి ఆ తలుపు తీసేది ఎవరో వేరే చెప్పాలా?

ఇందులో పురుష మేధస్సు ఎక్కడుంది?

యంత్రం తటస్థమైనదన్న భ్రమ కూడా వదులుకోవాలి. అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లోనే తన పుస్తకంలో ఇంటి యంత్రాల గుట్టు విప్పింది. అవి మగవాళ్ల, పిల్లల పనులు తగ్గించాయి గానీ గృహిణి చాకిరీని తగ్గించలేదని చూపించింది. ఫ్రిజ్ కథా అంతే. 1920లలో అక్కడ మోటారు లేకుండా, చప్పుడు లేకుండా, గ్యాస్ మంటతో నడిచే ఫ్రిజ్‌లూ పోటీలో ఉండేవి. కరెంటు కంప్రెసర్ గెలవడానికి దాని వెనకున్న జనరల్ ఎలక్ట్రిక్ లాంటి సంస్థల పెట్టుబడి బలమే ముఖ్య కారణమని ఆమె వాదన. మన వంటింట్లో రాత్రంతా గుర్రుమనే ఆ శబ్దం వెనక కూడా రాజకీయాలున్నాయి.

“ఇదీ మన నెత్తినే వేస్తావా?” అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. వెనక వైపు నేర్చుకుని, ముందు వైపు కూడా మనమే తుడుస్తూ కూర్చుంటే అది విముక్తి కాదు, అదనపు డ్యూటీ. అందుకే పంపకం రెండువైపులా మారాలి. బ్రష్, టెస్టర్ మన చేతికి రావాలి, సబ్బునీళ్ల గుడ్డ వాళ్ల చేతికి వెళ్లాలి. ఆడపిల్లల హాస్టళ్లలో, స్త్రీల అధ్యయన కేంద్రాల వర్క్‌షాపుల్లో సిద్ధాంతం పక్కనే ఒక పూట ఈ పాఠమూ ఉండాలి. కొడుకులకి మాత్రం వాడిపోయిన కొత్తిమీర ఏరడం నేర్పుదాం. దానికీ తెలివి కావాలని వాళ్లకి అప్పుడు తెలుస్తుంది.