పాత మోటారును తూకానికి వేయొద్దు

కదిరి ప్రాంతంలో కరెంటు మోటారు విప్పడం కొత్త విద్య కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే ఉమ్మడి అనంతపురం జిల్లాలో సేద్యానికి బోరే దిక్కు. మోటారు కాలి రెండు రోజులు ఆగితే పైరు వాడిపోతుంది. అందుకే కదిరి, హిందూపురం, ధర్మవరం, పెనుకొండల్లో వైండింగ్ షాపులు వెలిశాయి. కాలిన కాయిల్ తీసి, రాగితీగ గేజ్ చూసి, చుట్లు లెక్కబెట్టి మళ్లీ చుట్టి మోటారును తిరిగి నీళ్లలోకి దించే పనివాళ్లు ఇక్కడ తరాలుగా ఉన్నారు. ఇంత పనితనం ఉన్న చోట ఇళ్లలోని పాత మిక్సీలు, గ్రైండర్లు, వ్యాక్యూమ్ క్లీనర్లు కిలోల లెక్కన పాత సామాన్ల బండి ఎక్కుతున్నాయి. ఇది ఆగాలి.

పాత వ్యాక్యూమ్ క్లీనర్లను కొని బాగుచేసుకోవడం కొన్ని దేశాల్లో గౌరవంగా సాగే అభిరుచి. అమెరికాలో వాటిని సేకరించేవాళ్లకు 1983 నుంచి ఒక సంఘమే ఉంది. సెయింట్ లూయిస్ నగరంలోని ఫాక్స్ థియేటర్‌లో ఆర్గన్ వాయించి పేరు తెచ్చుకున్న స్టాన్ కాన్‌కు ఈ యంత్రాలంటే ప్రాణం. తన సేకరణను టీవీ కార్యక్రమాలకు తీసుకెళ్లి లక్షల మందికి చూపించాడు. మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ జేమ్స్‌లో వీటికోసం మ్యూజియం కూడా పెట్టారు.

ఆ యంత్రాల వెనకున్న కథ తెలిస్తే ఆ ఇష్టం అర్థమవుతుంది. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజినీరు తయారుచేసిన తొలి యంత్రం ఇంట్లో పట్టేది కాదు. గుర్రబ్బండి మీద తెచ్చి వీధిలో నిలిపి, పొడవాటి గొట్టాలను కిటికీల్లోంచి లోపలికి పంపి దుమ్ము లాగేవారు. దాన్ని ఇంట్లోకి తెచ్చినవాడు ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో ఒక పెద్ద దుకాణాన్ని శుభ్రం చేసే జేమ్స్ మరీ స్పాంగ్లర్. ఆస్తమాతో బాధపడే ఆయనకు ఊడ్చినప్పుడల్లా లేచే దుమ్ము నరకంగా ఉండేది. ఫ్యాన్ మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి ఒక యంత్రం కట్టాడు. 1908లో దానికి పేటెంటు వచ్చింది. తోలు సామాన్ల వ్యాపారి హూవర్ ఆ హక్కులు కొని, తన ఇంటిపేరునే దానికి పెట్టాడు. ఒక కార్మికుడు తన ఊపిరి కాపాడుకోవడానికి చేసుకున్న ప్రయత్నం ఇది. అలాంటి యంత్రాన్ని పారేయాల్సిన చెత్తగా చూడటం అన్యాయం.

మన దేశంలో ఈ యంత్రాన్ని ఇంటింటికీ పరిచయం చేసింది 1982లో మొదలైన యూరేకా ఫోర్బ్స్. సేల్స్‌మన్ తలుపు తట్టి, హాల్లోనే యంత్రం నడిపి చూపించి అమ్మేవాడు. నాపరాళ్లు, బండలు పరిచిన రాయలసీమ ఇళ్లలో తివాచీలు తక్కువ. కసువు ఊడ్చి తడిగుడ్డతో తుడిస్తే నేల శుభ్రమైపోతుంది. కాబట్టి కొన్నవాళ్ల ఇళ్లలోనూ చాలా యంత్రాలు అటకెక్కాయి. ఎక్కువ తిరగలేదు కాబట్టే వాటిలో అనేకం ఇప్పటికీ బాగుచేయడానికి వీలైన స్థితిలో ఉంటాయి.

బోరు మోటారుకూ వీటికీ తేడా లేకపోలేదు. బోరు మోటారులో కార్బన్ బ్రష్‌లు ఉండవు. పాత వ్యాక్యూమ్ క్లీనర్‌లో, మిక్సీలో ఉండేది యూనివర్సల్ మోటారు. ఆర్మేచర్, కమ్యుటేటర్, బ్రష్‌లు దానికి ప్రాణం. అరిగిన బ్రష్‌లు మార్చాలి, కమ్యుటేటర్ మీద పేరుకున్న మసిని తుడవాలి, ఎండిపోయిన బేరింగులు తీసి కొత్తవి వేయాలి, గాలి కారే రబ్బరు వాషర్లు, చిరిగిన సంచి సరిచేయాలి. మిక్సీ బాగుచేసే ఎవరికైనా ఇవి తెలిసిన పనులే. 1963లో వచ్చిన సుమీత్ మిక్సీలను రెండు మూడు దశాబ్దాల పాటు బ్రష్‌లు మార్చుకుంటూ వాడిన కుటుంబాలు దేశమంతా ఉన్నాయి. ఆ అలవాటునే ఇప్పుడు అభిరుచిగా మలుచుకోవాలి.

జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. ఏళ్ల తరబడి మూలన పడ్డ యంత్రాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు. వైరు తొడుగు పెళుసుబారి ఉంటుంది. ముందు దాన్ని మార్చి, బాడీకి కరెంటు వస్తోందేమో పరీక్షించి, సీరీస్‌లో బల్బు పెట్టి నడిపి చూడాలి. అమెరికా నుంచి తెచ్చిన యంత్రం 120 వోల్టులది. మన 230 వోల్టులకు నేరుగా కలిపితే మోటారు కాలిపోతుంది.

పాతవి కరెంటు తాగేస్తాయనే వాదన ఒకటి వినిపిస్తుంది. నిజానికి వాట్ల పోటీకి దిగినవి తర్వాతి కాలపు యంత్రాలు. అది మితిమీరడంతోనే ఐరోపా సమాఖ్య 2014లో 1,600 వాట్లు, 2017లో 900 వాట్లు దాటకూడదని నిబంధన పెట్టాల్సి వచ్చింది. ఎంత బాగా పీలుస్తుందన్నది వాట్ల మీదే కాదు, గాలి దారి ఎంత బిగువుగా ఉందన్న దాని మీదా ఆధారపడుతుంది. ఆ బిగువును తిరిగి తేవడమే బాగుచేసేవాడి పని.

ఈ అభిరుచి వల్ల ఎక్కువ లాభం కుర్రవాళ్లకే. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం మొదలయ్యాక ఈ ప్రాంత యువతకు పరిశ్రమ దగ్గరైంది. అయితే అసెంబ్లీ లైన్‌లో ఒక్కొక్కరి చేతిలో ఉండేది ఒక్కో పనే. ఒక పాత యంత్రాన్ని మొత్తం విప్పి, ఏ భాగం ఎందుకుందో తెలుసుకుని, తిరిగి బిగించి నడిపినవాడికి కలిగే అవగాహన వేరు. జిల్లాలోని ఐటీఐలు నెలకొక ఆదివారం వర్క్‌షాపు తలుపులు తెరిచి, అటకల మీది యంత్రాలను తెమ్మని ఊళ్లోవాళ్లను పిలవాలి. పక్కన అనుభవమున్న వైండింగ్ మేస్త్రీని కూర్చోబెట్టి, ఆయన సమయానికి కూలి కట్టివ్వాలి. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన రిపేర్ కేఫ్‌లు ఇలాంటివే. హిందూపురానికి వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో 2015 నుంచి జరుగుతున్నాయి.

అవసరం చిన్నదేమీ కాదు. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్కల ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిసి 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగుచేసింది. అందులో పద్ధతి ప్రకారం రీసైక్లింగ్‌కు వెళ్లినట్టు నమోదైంది 22.3 శాతమే. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్ తెరిచింది. మొబైల్, ఎలక్ట్రానిక్ వస్తువులు ఎంత తేలిగ్గా బాగవుతాయో చెప్పే సూచికపై వేసిన కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. మిక్సీలు, గ్రైండర్లు, వ్యాక్యూమ్ క్లీనర్లు కూడా ఈ సూచిక కిందికి రావాలి. అమ్మిన కంపెనీలు కనీసం పదిహేనేళ్లు బ్రష్‌లు, బేరింగులు, వాషర్లు దొరికేలా చూడాలి. సర్క్యూట్ బొమ్మను తెలుగులో ముద్రించి కదిరిలోని చిన్న వైండింగ్ షాపుకూ చేర్చాలి.