నష్టపోయినవాడి ఖాతాకు తాళం పడాలి

2025 అక్టోబరు 11, తెల్లవారుజాము. చైనా సరుకులపై వంద శాతం అదనపు సుంకమని అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ప్రకటించారు. పశ్చిమ ప్రకాశంలోని మార్కాపురం, గిద్దలూరు గాఢనిద్రలో ఉన్న వేళ క్రిప్టో ధరలు కుప్పకూలాయి. ఒక్క రోజులో ప్రపంచమంతటా 1900 కోట్ల డాలర్లకు పైగా పొజిషన్లు లిక్విడేట్ అయ్యాయి, అంటే బలవంతంగా మూతపడ్డాయి. పొద్దున్నే ఫోను చూసుకున్నవాళ్లకు మార్జిన్ సున్నా.

ఆ దెబ్బ ఒక ఎత్తు, ఆ తర్వాత వారం పది రోజులు ఒక ఎత్తు. పోయింది రాబట్టాలని కుర్రాడు అప్పు తెచ్చి మళ్లీ పెడతాడు. మళ్లీ పోతుంది. ఈసారి రెట్టింపు పెడతాడు. పదివేలు సగమైతే, పాత పదివేలు చూడాలంటే మిగిలిన ఐదువేలూ రెట్టింపు కావాలి. ఇరవై రెట్ల లెవరేజ్, అంటే చేతిలో ఉన్నదానికి ఇరవై రెట్ల పందెం, తీసుకుంటే ధర ఐదు శాతం ఎదురు తిరిగినా చాలు, పెట్టిందంతా ఊడ్చుకుపోతుంది. రాత్రంతా మేలుకున్న కళ్లకు ఈ లెక్క ఆనదు. నష్టంలో ఉన్న మనిషి మరింత రిస్కుకు తెగిస్తాడని మనస్తత్వవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే చూపించారు.

పశ్చిమ ప్రకాశానికి ఈ తెగింపు కొత్త కాదు. ఒక బోరు ఎండితే పక్కన ఇంకోటి, అదీ ఎండితే బంగారం కుదువపెట్టి మరింత లోతుకు. వెలిగొండ సాగునీటి ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. ఆ నీళ్ల కోసం ఎదురుచూస్తూ ఒక తరం బోర్ల అప్పుల్లో మునిగింది. ఆ రైతును ఊరు తప్పుపట్టలేదు, జాలిపడింది. అదే రైతు కొడుకు ఫోనులో నష్టపోతే మాత్రం జూదగాడంటోంది. ఆ మాటకు భయపడే వాడు నష్టాన్ని దాస్తాడు. దాచినకొద్దీ అప్పు పెరుగుతుంది. 2021 నవంబరులో సూర్యాపేటలో ఖమ్మం వాసి ఒకరు క్రిప్టో నష్టాలు, అప్పుల ఒత్తిడి మధ్య ప్రాణం తీసుకున్నారు. ఇంకెన్ని ఇళ్లు ఈ దుఃఖం చూడాలి?

అత్యాశకు పోయారు, అనుభవిస్తారు అనేవాళ్లకు జవాబు చెప్పే తీరిక ఎవరికీ లేదు.

షేర్ మార్కెట్‌ను మధ్యాహ్నం మూడున్నరకు మూస్తారు. సూచీ పది శాతం పడితే సాధారణంగా ట్రేడింగే కాసేపు ఆపేస్తారు. క్రిప్టోకు మూసే వేళ లేదు, ఆదివారం లేదు, పండగ లేదు. దెబ్బతిన్నవాడు కుదుటపడే గంట కూడా దొరకదు. పైగా రాత్రి రెండింటికి యాప్ నోటిఫికేషన్, టెలిగ్రామ్ గ్రూపులో 'షూర్ షాట్' సిగ్నల్. మనిషి కుంగిన వేళ చూసి దండుకునే వ్యాపారమిది. దీన్ని చూస్తూ ఊరుకున్న ప్రభుత్వాలదీ నేరమే.

2018లో క్రిప్టోకు సేవలందించవద్దని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులను కట్టడి చేసింది. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. 2022లో కేంద్రం నిద్రలేచింది, కాపాడడానికి కాదు, పన్నుకు. కాయిన్ అమ్మి లాభపడితే 30 శాతం. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తగ్గించుకోనివ్వరు, వచ్చే ఏడాదికి మోసుకుపోనివ్వరు. లాభపడినప్పుడు కనబడిన మనిషి నష్టపోయినప్పుడు కనబడడా? ఆన్‌లైన్ రమ్మీని 2020లోనే నిషేధించిన ఆంధ్రప్రదేశ్‌కు ఈ లెవరేజ్ ఎందుకు కనబడలేదు?

చేయాలనుకున్న దేశం చేసింది. బ్రిటన్ 2021 జనవరి నుంచి సామాన్యులకు క్రిప్టో ఫ్యూచర్స్ అమ్మకాన్ని నిషేధించింది. 2023 అక్టోబరు నుంచి, ఒక సంస్థలో కొత్తగా క్రిప్టో కొనేవారు 24 గంటలు ఆగాలంది.

ఇక్కడా అదే కావాలి, ఇంకాస్త గట్టిగా. ఒకే రోజు వరుసగా మూడు నష్టాలు వస్తే ఫ్యూచర్స్ ఖాతాకు మూడు రోజుల తాళం పడాలి. సామాన్యుడికి లెవరేజ్ పూర్తిగా ఆపాలి. రాత్రివేళ ట్రేడింగ్ నోటిఫికేషన్లు బందు కావాలి. మార్కాపురం, గిద్దలూరు ప్రభుత్వాసుపత్రుల్లో వారానికి ఒక రోజైనా ఇలాంటివాళ్ల కోసం కౌన్సెలర్ కూర్చోవాలి. ఈ మాట ఒంగోలు ఎంపీ పార్లమెంటులో లేవనెత్తేదాకా పశ్చిమ ప్రకాశం ఓటర్లు ఆయనను వదలకూడదు.

చట్టం వచ్చేలోపు ఆ తాళం ఇంట్లోనే వేసుకోవాలి. మూడు దెబ్బలు తిన్నవాడు యాప్ తీసేసి, అప్పులన్నీ కాగితం మీద రాసి, అసలు అంకె ఇంట్లో ఒకరికి చెప్పాలి. విన్నవాళ్లు ఆ రాత్రి తిట్టకూడదు, ఒంటరిగా వదలకూడదు. బతుకు మీద విరక్తి మాటలు వినబడితే వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయాలి. ఏ వేళైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.