కదలని సైకిలు – కుదురులేని విన్యాసాలు

ఆరోగ్యమే మహాభాగ్యమన్న మాటను కాదనేవారు లేరు. అయితే ఆ భాగ్యాన్ని ఆర్జించే మార్గాలు కాలానుగుణంగా మారుతున్నవి. నిన్నటి తాలీంఖానాలో మెత్తని మట్టి, ముగ్దర్లు, దండ బస్కీలు ఉండేవి. నేటి వ్యాయామశాలలో చల్లని గది, హోరెత్తించే సంగీతం, వరుసగా నిలిపిన కదలని సైకిళ్ళు కానవస్తున్నవి. దక్షిణాఫ్రికాలో జన్మించిన జానీ గోల్డ్‌బర్గ్ అనే సైక్లిస్టు 1980వ దశకం చివర అమెరికాలో రూపొందించిన ‘స్పిన్నింగ్’ పద్ధతి, 1995లో ష్విన్ కంపెనీ దానికి తగిన సైకిళ్ళను తయారు చేయడంతో దేశదేశాలకు వ్యాపించింది.

ఈ సైకిలును ఎగతాళి చేయడం మా ఉద్దేశం కాదు. హైదరాబాదు నుండి రామగుండం వైపు సాగే రాజీవ్ రహదారి మా కుకునూరుపల్లి మీదుగానే పోతున్నది. లారీలు, బస్సులు దూసుకుపోయే ఆ దారిపై ఒక విద్యార్థిని వ్యాయామం కోసం నిర్భయంగా సైకిలు తొక్కగలదా? 2023లో హైదరాబాదు బాహ్యవలయ రహదారి పక్కన సౌరఫలకాల నీడలో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిలు దారి నగరవాసులకు దక్కిన వరం. అట్టి దారి లేని ఊళ్ళ బాలికలకు, పరదా పాటించే సోదరీమణులకు, నాలుగు గోడల నడుమ తొక్కే సైకిలు నిజంగా ఉపకారియే. కాబట్టే దానిని ఏ రీతిగా తొక్కవలెనన్న ప్రశ్న చిన్నది కాదు.

ముందుగా యంత్రం సంగతి గమనించుదాం. ఈ తరగతులలో వాడే సైకిళ్ళలో చాలావాటికి ముందుభాగాన బరువైన చక్రం ఉంటుంది. బజారులో తిరిగే సైకిలుకు తొక్కడం మానినా చక్రం తన దారిన తాను తిరుగుతుంది, పెడళ్ళు ఆగిపోతాయి. ఇక్కడ అట్లు కాదు. చక్రం తిరిగినంతసేపు పెడళ్ళూ తిరుగుతూనే ఉంటాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయపు వెలోడ్రోమ్ వంటి చోట్ల పోటీలకు వాడే సైకిళ్ళదీ ఇదే స్వభావం. అందుచేత బిగువు లేకుండా అతివేగంగా తొక్కినప్పుడు కాళ్ళు చక్రాన్ని త్రిప్పవు; చక్రమే కాళ్ళను ఈడ్చుకొనిపోతుంది. చెమట పట్టవచ్చును గాని కండరానికి పని తక్కువ, కీళ్ళకు ప్రమాదం ఎక్కువ. స్పిన్నింగ్ పద్ధతి వారు సమతల ప్రయాణానికి నిమిషానికి 80 నుండి 110 చుట్లు, కొండ ఎక్కుడుకు 60 నుండి 80 చుట్లు అని హద్దులు విధించడం ఇందుకే.

ఇక విన్యాసాల మాట. ఏ విన్యాసమునైనా మూడు ప్రశ్నలతో పరీక్షించవలెనని మా అభిప్రాయం. అది గుండెకు గాని కాళ్ళకు గాని బలం చేకూర్చుతున్నదా? ఏదైనా కీలుపై అసహజమైన భారం మోపుతున్నదా? చేయి జారితే, పాదం ఊడితే పరిస్థితి ఏమిటి?

తగినంత బిగువు పెట్టి, చేతులు పట్టీపై తేలికగా ఆన్చి, నిలబడి తొక్కడం ఈ పరీక్షలో నెగ్గుతుంది. నిజమైన సైకిలుపై గుట్ట ఎక్కేవాడు చేసేది అదే. కాని తొక్కుతూ పట్టీపై దండాలు తీయడాన్ని చూడండి. శరీరభారాన్ని సీటు, పెడళ్ళు మోస్తుండగా చేతులకు దక్కే శ్రమ ఎంత? నేలపై తీసిన పది దండాలు అంతకన్న మేలు. ఒకటి రెండు కిలోల డంబెల్స్ పట్టుకొని తొక్కడమూ అట్టిదే. ఆ బరువు భుజాలను పెంచదు సరికదా, పట్టు విడిచినందున తొక్కుడు మందగిస్తుంది, నడుము ఊగుతుంది. అధికమైన బిగువు పెట్టి, పిరుదులను వెనుకకు నెట్టి, సీటుకు అంగుళం ఎత్తున కదలక నిలువడం మోకాళ్ళకు, నడుముకు శిక్ష. వెనుకకు తొక్కడం మరొకటి. పెడళ్ళ మరలు ముందుకు తొక్కినకొద్దీ బిగిసేటట్లు అమర్చినవి. వెనుకకు తొక్కితే అవి వదులుకావచ్చును.

‘వినోదం ఉంటేనే గదా జనం వస్తారు’ అని కొందరు వాదించవచ్చు. ఆ వాదంలో నిజం లేకపోలేదు. విసుగు పుట్టించే వ్యాయామం నాలుగు దినాలు సాగదు. అయితే సంగీతం ఉండవచ్చు, పోటీ ఉండవచ్చు, బిగువును పెంచుతూ తగ్గిస్తూ కొండలు లోయలు దాటించవచ్చు. వినోదం కోసం మోకాలును పణంగా పెట్టనక్కరలేదు.

అన్నింటికన్న ముఖ్యమైనది తొలి దినపు జాగ్రత్త. అలవాటు లేని దేహాన్ని మొదటి తరగతిలోనే అతిగా శ్రమపెట్టగా, తొడకండరాలు చెడి, వాటి పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదంతాలను వైద్యులు 2017లో ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ప్రకటించినారు. వ్యాయామం తరువాత ఒకటి రెండు దినాలలో తొడలు భరింపరాని నొప్పితో వాచినా, మూత్రం డికాక్షన్ రంగుకు తిరిగినా ఇంటి వైద్యంతో కాలం గడపరాదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను. కొత్తవారు తొలి తరగతిలో సగం సమయమే తొక్కి లేచిపోతే అవమానమేమీ లేదు. సీటు ఎత్తు సరిచూచుకొనడం కూడ మరువరాదు. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు 25 నుండి 35 డిగ్రీల వరకు వంగియుండవలెను.

విద్యార్థి మిత్రులారా! తాలీంఖానా ఉస్తాదు కొత్త శిష్యునికి మొదటి దినమే ముగ్దరు ఇచ్చేవాడు కాడు. ముందు వాని ఊపిరి చూచేవాడు. నేటి శిక్షకుని నుండి మనం కోరవలసినది ఆపాటి వివేకమే. ‘ఈ విన్యాసం ఎందుకు?’ అని అడిగే హక్కు రుసుము చెల్లించిన ప్రతివారికీ కలదు. సమాధానం దొరకనప్పుడు సీటుపై కుదురుగా కూర్చుండి, మన ఊపిరికి తగినట్లు మనం తొక్కుకొనడమే ఉత్తమం.