తాండూరు కంది పేరు యాలాలకు దక్కాలి

వికారాబాద్ జిల్లాలో తాండూరుకు దగ్గర్లోనే యాలాల ఉంది. మండల కేంద్రమే కానీ పెద్ద ఊరేమీ కాదు. చుట్టూ నల్లరేగడి, వానను నమ్ముకుని వేసే కంది చేలు. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు (జీఐ) ట్యాగ్ వచ్చినప్పుడు, దాని కోసం దరఖాస్తు పెట్టింది ఈ ఊరి పేరు మోస్తున్న రైతు ఉత్పత్తిదారుల కంపెనీయే. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు అండగా నిలిచారు. తెలంగాణలో ఆ గుర్తింపు దక్కించుకున్న వాటిలో ఇది 16వది. రైతులు సొంతంగా సాధించుకున్న గౌరవమిది.

కందికి ఆ రుచి నేలే ఇచ్చింది. లోతైన రేగడిలో అటాపల్గైట్ అనే బంకమట్టి ఖనిజం, అడుగున సున్నపురాయి నిక్షేపాలు. తాండూరు బండలుగా ఊరూరా ఇళ్లలో పరిచింది ఆ రాయినే. గింజలో 22 నుంచి 24 శాతం మాంసకృత్తులుంటాయి. పప్పు కమ్మగా ఉంటుంది, వండాక తొందరగా పాడవదు.

ఇంత గుణమున్న గింజ మార్కెట్ యార్డులో కాటా అయ్యాక మామూలు కందుల్లో కలిసిపోతే ట్యాగ్ వల్ల రైతుకు ఒరిగేదేమిటి?

పోటీ కూడా చిన్నది కాదు. మొజాంబిక్ నుంచి ఏటా 2 లక్షల టన్నులు, మయన్మార్ నుంచి లక్ష, మలావి నుంచి 50 వేల టన్నుల కందులు తెచ్చుకునేందుకు కేంద్రం 2021లో అయిదేళ్ల ఒప్పందాలు చేసుకుంది. పట్నంలో పప్పు ధర మండిపోకుండా చూడటం అవసరమే, కాదనలేం. కానీ ఆ భారం కోతల వేళ రేగడి రైతు మీద పడకూడదు. 2025-26కు క్వింటాలు మద్దతు ధర 8,000 రూపాయలు. అది ఏ కందికైనా ఒకటే. తాండూరు కందికి అంతకు మించి రావాలంటే దాన్ని వేరుగా కొనాలి, వేరుగా ఆడించాలి, పేరు పెట్టి అమ్మాలి.

పొరుగున కలబురగి కందికి 2019లోనే ట్యాగ్ వచ్చింది. అక్కడ కంది కోసమే కర్ణాటక ప్రభుత్వం అభివృద్ధి మండలి నడుపుతోంది. మన దగ్గరా అలాంటిదొకటి కావాలి. చట్టప్రకారం తాండూరు కంది పేరుతో అమ్ముకోవాలంటే రైతు అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. ఆ రుసుము, కాగితాల పని వ్యవసాయ శాఖే నెత్తికెత్తుకుని యాలాల, బషీరాబాద్, పెద్దేముల్ ఊళ్లలో శిబిరాలు పెట్టాలి. జనవరిలో కోతలు మొదలయ్యేలోగా యార్డులో తాండూరు కందికి విడిగా కాటా, సంచి మీద ఊరి పేరుతో ముద్ర ఏర్పాటు కావాలి.