గృహిణీగోష్ఠి: ఎర



స్త్రీల పత్రికయందు గాలముల ప్రస్తావన యేల యని కొందఱు నవ్వుకొనవచ్చును. ఈ శ్రావణమాసమున నా ప్రస్తావన మా వంటయింటిలోనికే వచ్చినది గావున వ్రాయుచున్నాము.

మా తమ్ముడు అమెరికాలో సియాటిల్ నగరప్రాంతమున నుద్యోగము చేయుచున్నాడు. సెలవులకు వచ్చుచు మా పెద్దవానికొక చిన్నపెట్టె తెచ్చియిచ్చెను. అందు వెండివలె మెఱయు చెంచారేకులు, గిరగిర తిరుగు బిళ్లలు, రంగు వేసిన కొయ్యచేపలు, ఒక రబ్బరుకప్ప యున్నవి. అచటి నదులలో సాల్మను, స్టీల్‌హెడ్డు అను చేపలను బట్టుటకు వాడు కృత్రిమపుటెరలట.

వాని నెన్నుకొనుటయందును నేర్పు గలదు. నీరు తేటగా నున్నప్పుడు చిన్నదియు, మందవర్ణము గలదియు చాలును. వరదనీరు కలకబాఱినప్పుడు పెద్దదియు, మెఱయునదియు, నీటిని కదలించునదియు కావలెను. నీరు చల్లబడినకొలది చేప మందగించును. ఎరనును మెల్లగనే లాగవలెను. చెంచారేకు నీటిలో నూగులాడుచు గాయపడిన చిన్నచేపవలె తోచవలెను. మిక్కిలి వడిగా లాగినచో బొంగరమువలె తిరిగి దారమును మెలిపెట్టును. మంటను జూచి గరిటె త్రిప్పుట యెఱిగిన మనకిది తెలియరానిది కాదు. మన దేశమునకును చెంచారేకు క్రొత్త కాదు. చెన్నపురి రాజధానిలో నుద్యోగియైన హెచ్. ఎస్. థామస్ అను దొర 1873లో ప్రకటించిన ‘ది రాడ్ ఇన్ ఇండియా’ యను గ్రంథమున దానిని గూర్చి వ్రాసెను.

మా తమ్ముడు చెప్పిన మాటలలో నొకటి మాకు వింత గొలిపెను. “అక్కా! గ్రుడ్లు పెట్టుటకై సముద్రమునుండి నదిలోనికి వచ్చిన సాల్మను ఆహారము దాదాపు మానివేయును. అయినను ఎరను కఱచును” అనెను. ఆకలి లేనిదే యేల కఱచునని యడిగితిమి. తన చోటికి వచ్చినదానిపై కోపమో, సముద్రములోని పాతయలవాటో యని పండితులు తలంతురట.

మన గోదావరిలో పులసయు నట్లే వరదకాలమున సముద్రమునుండి యెదురెక్కును. 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట దాని పైప్రయాణమున కడ్డుపడినది. అయితే పులస నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టి తినునది; దానికి చెంచారేకు చూపి లాభము లేదు, వలయే శరణ్యము. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత పుట్టించినవారు పుస్తెలు కట్టుకొన్నవారు కారని మా నమ్మకము.

ఇక మా అనకాపల్లి సంగతి. శారదానదిలోను, చుట్టుపట్ల చెఱువులలోను పిల్లలు వానపామునో, తవుడు బెల్లము కలిపిన ముద్దనో గాలమునకు గ్రుచ్చుదురు. బెల్లమునకు మా యూర కొదువ లేదు గదా! కొర్రమీనుకు మాత్రము కప్ప కావలెను.

ఒక యాదివారమున మావాడు రబ్బరుకప్పను గొనిపోయి, జాము గడువకమునుపే మోచేతిపొడవు కొర్రమీనును తెచ్చెను. “అమ్మా! చెఱువులో నొకచోట చిన్నచిన్న యెఱ్ఱపిల్లలు గుంపుగా పైకి తేలుచున్నవి. కప్పను వానిమీదుగా లాగగానే యిది యెగిరి పట్టుకొన్నది” యని సంబరముతో చెప్పెను.

కత్తిపీట ముందు మా చేయి నిలిచిపోయెను.

కొర్రమీను తన పిల్లలను విడిచిపోవు జాతి కాదు. ఆ పిల్లలు గాలి పీల్చుటకు పలుమాఱు నీటిపైకి రావలెను; తల్లియో తండ్రియో క్రింద కావలియుండును. కప్ప దగ్గఱకు వచ్చినచో పిల్లలను మ్రింగవచ్చినదని తలంచి మీదపడును.

ఏనుగు స్పర్శకు, మిడుత రూపమునకు, తుమ్మెద వాసనకు, లేడి పాటకు, చేప రుచికి లొంగి చెడునని మా తండ్రిగారు చిన్ననాడు చదివించిరి. ఇన్నేండ్లు ఆ మాటను పిల్లలకు మేమును బోధించితిమి. కాని మా పీటముందున్న చేప నాలుకకు లొంగి వచ్చినది కాదు. ఇట్టిదానిని రుచికి చెడినదనుట యెట్లు?

పిల్లవానికి దీనినంతయు చెప్పితిమి. వాడు మాటలాడలేదు. చచ్చినదానిని పాఱవేయుట మఱియొక పాపమని కూర వండితిమి. మావారు తినిరి, వాడు ముట్టలేదు. మఱునాడుదయమున చెఱువునకు పోయి వచ్చి, “పిల్లలు కనబడలేదమ్మా” యనెను. రెండవ చేప యున్నదేమో, వానిని వేఱొకచోటికి తీసికొనిపోయినదేమో యంటిమి. అది వాని నూఱడించుటకో, మమ్ము మేమూఱడించుకొనుటకో చెప్పజాలము.

మీ యిండ్లలోను గాలము పట్టు పిల్లలుందురు. వారితో నిట్లు చెప్పుడు: వానకాలమున పిల్లలగుంపు తేలినచోట నెర వేయరాదు. గాలపుముల్లును పటకారుతో నణచినచో, చిన్నచేపను గాయము పెంచక విడువవచ్చును. విసరునపుడు వెనుక నెవరున్నారో చూచుకొనవలెను. గాలము లోతుగా గ్రుచ్చుకొన్నచో లాగక వైద్యునియొద్దకు పోయి, ధనుర్వాతపుసూది సంగతియు నడుగవలెను. తెగిన దారమును గట్టుమీద విడువరాదు. పక్షుల కాళ్లకు చుట్టుకొనును.

మావాడు పెట్టెను దాచివేయలేదు. రబ్బరుకప్పను మాత్రము విడిగా తీసి, పిల్లలు పెద్దవగువఱకు ముట్టనని మా పోపులపెట్టె ప్రక్కన పెట్టినాడు. నిత్యము మా కంటబడుచున్నది.