ఆజ్ఞల అరబ్బీ, హక్కుల అరబ్బీ

విదేశీ భాషల చదువు మీద స్త్రీల హక్కుల పత్రికలో సంపాదకీయం ఏమిటని ఇద్దరు ముగ్గురు మిత్రులు అడిగారు. అత్యాచారాల మీద, ఆస్తి హక్కు మీద, కూలి రేట్ల మీద రాయాల్సింది ఇంత వుండగా ఫ్రెంచి, జర్మన్, జపనీస్ నేర్చుకునేవాళ్ళ గొడవ మనకెందుకని వాళ్ళ ప్రశ్న. విశ్వవిద్యాలయాల్లో ఆ భాషలు చదివేది కాస్త కలిగినవాళ్ళ పిల్లలేననీ, వాళ్ళ దారి వాళ్ళు చూసుకోగలరనీ మనలో చాలామందికి ఒక అభిప్రాయం వుంది. అది పూర్తిగా అబద్ధమని నేను అనను. నా ప్రశ్న కూడా అక్కడినుంచే మొదలవుతోంది. పరాయి భాష రాకపోతే రోజు గడవని స్త్రీలు మన పల్లెల్లో వున్నారు. రాయచోటి, రాజంపేట వైపు నుంచీ, కోనసీమ, నర్సాపురం వైపు నుంచీ కువైట్, మస్కట్, దుబాయి ఇళ్ళల్లో పనికి పోయే ఆడవాళ్ళు వాళ్ళు. వాళ్ళ బతుకు నడిచేది అరబ్బీ భాషలో. ఆ భాషని మొదటి అక్షరం నుంచి పై స్థాయి దాకా నేర్పే చదువు మాత్రం వాళ్ళ గడప దాటి ఎక్కడో వుంది.

ఆ చదువు ఎలా వుంటుందో కొంచెం చెప్పాలి. విశ్వవిద్యాలయంలో పరాయి భాషని మెట్లు మెట్లుగా నేర్పుతారు. ముందు సర్టిఫికెట్, తర్వాత డిప్లొమా, ఆ పైన అడ్వాన్స్‌డ్ డిప్లొమా. యూరప్ దేశాల కౌన్సిల్ 2001లో ప్రకటించిన కొలమానంలో ఇవే ఆరు మెట్లయ్యాయి: ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2. మొదటి మెట్టు మీద వున్న మనిషి తన పేరూ వూరూ చెప్పుకోగలదు, ఎదుటివాళ్ళు నిదానంగా మాట్లాడితే అర్థం చేసుకోగలదు. రెండో మెట్టు మీద సరుకులు కొనగలదు, దారి అడగగలదు. మూడో మెట్టుకి వచ్చేసరికి తనకేం జరిగిందో వరసగా చెప్పి, తన అభిప్రాయానికి కారణం చూపగలదు. నాలుగో మెట్టు మీద వాదించగలదు. ఈ వర్ణన చదివినప్పుడల్లా నాకు ఇది వ్యాకరణం కొలతలా కనపడదు. తల వూపే దశ నుంచి ఎదురు ప్రశ్న వేసే దశకి పోయే దారిలా కనపడుతుంది. ఫిర్యాదు రాసుకోవాలంటే మూడో మెట్టయినా ఎక్కాలి. మన ఆడవాళ్ళని మొదటి మెట్టు కింద నిలబెట్టి విమానం ఎక్కిస్తున్నాం.

రాజంపేట దగ్గర ఒక పల్లెలో, కువైట్‌లో ఆరేళ్ళు పనిచేసి తిరిగొచ్చిన ఒకామెతో ఈమధ్య చాలాసేపు మాట్లాడాను. అరబ్బీ ఎన్నాళ్ళకి వచ్చిందని అడిగాను. "పనికి కావల్సిన మాటలు నెలకే వచ్చేసినాయి అక్కా. నాకు కావల్సిన మాటలే ఆరేండ్లయినా రాలేదు" అంది. ఆమెకి మొదట వచ్చిన మాటలేవో చెప్పమంటే వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. తాలీ అంటే రా. రూహీ అంటే పో. జీబీ అంటే తీసుకురా. ఉస్కుతీ అంటే నోర్మూసుకో. అరబ్బీలో ఆజ్ఞ ఆడమనిషికిస్తే ఒక రూపం, మగవాడికిస్తే ఇంకొక రూపం. ఆమె నేర్చుకున్నవన్నీ ఆడమనిషికిచ్చే ఆజ్ఞలే. "నేను" అనే మాటతో మొదలయ్యే వాక్యం నేర్చుకునే సందర్భమే రాలేదు. విశ్వవిద్యాలయంలో అదే భాష మొదటి పాఠం నా పేరు ఫలానా, నేను ఫలానా వూరి నుంచి వచ్చాను అని మొదలవుతుంది.

చివరి ఎనిమిది నెలలు ఆమెకి జీతం ఇవ్వలేదు. "మాఫీ మాఆష్" అని అడిగేదట. మాఆష్ అంటే అక్కడ జీతం, మాఫీ అంటే లేదని. మన చెవికి మాఫీ అంటే రుణమాఫీయే గుర్తొస్తుంది. రెండిటికీ పుట్టుకలో సంబంధం లేదు గానీ, ఆ ఇంటివాళ్ళు మాత్రం ఆమె జీతం నిజంగానే మాఫీ చేసుకున్నారు. నెలనెలా ఏవో కాగితాల మీద వేలిముద్ర వేయించుకున్నారు. జీతం ముట్టిందని వాటిలో రాసుందని ఆమెకి తిరిగొచ్చే ముందు, తోటి మలయాళీ నర్సు చదివి చెబితే తెలిసింది.

2015లో కువైట్ ప్రభుత్వం ఇంటి పనివాళ్ళ కోసం 68వ నంబరు చట్టం చేసింది. వారానికి ఒక రోజు సెలవు, రోజుకి 12 గంటలకి మించని పని, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు, ఒప్పందం ముగిశాక పనిచేసిన ఒక్కో ఏడాదికి ఒక నెల జీతం ఇవ్వాలని అందులో వుంది. లోపాలు లేని చట్టమేం కాదు. కానీ ఆమె ఆ దేశంలో వున్న ఆరేళ్ళూ అది అమల్లోనే వుంది. ఆమెకి దాని పేరు కూడా తెలియదు. తెలిసినా స్టేషనులో, లేబర్ ఆఫీసులో దాన్ని ఏ భాషలో అడుగుతుంది? తాలీ, రూహీ, జీబీలతోనా?

ఇక్కడ ఒక విచిత్రం వుంది. హక్కు అనే మాటే అరబ్బీ మాట. హక్ అనే అరబ్బీ మాట పారసీ, ఉర్దూల మీదుగా మనకొచ్చి తెలుగు ముగింపు తగిలించుకుంది. వకీలు, హాజరు, ఖైదు, జప్తు, కౌలు, జవాబు - ఇవన్నీ ఆ దారినే వచ్చాయి. నిజాం కచేరీల్లోనూ ఆర్కాటు నవాబు కచేరీల్లోనూ అధికారం మాట్లాడిన భాష కాబట్టి కాయితాల పని చేసే మాటలన్నీ మన నోట్లోకి దిగాయి. మన పత్రిక ప్రతి పేజీలోనూ వాడుకునే ఆ మాటని రాజంపేట స్త్రీ కువైట్‌లో ఒక్కసారి కూడా వాడలేకపోయింది. అక్కడా దాన్ని హక్ అనే అంటారని ఆమెకి చెప్పినవాళ్ళు లేరు. ఉత్తరాది వకీలుకి అర్థమయ్యేది అక్కడి అధికారికీ అర్థమవుతుందని ఎవరైనా అరగంట కూర్చుని చెప్పి వుంటే, ఆమెకి తెలుగులో వున్న మాటలతోనే సగం పాఠం అయ్యేది.

భాషా శాఖల్లో చదువుకునే పిల్లల సంగతి దీనికి తలకిందులు. ఇఫ్లూలో, ఉస్మానియాలో అరబ్బీ చదివే విద్యార్థులు నేర్చుకునేది ఫుస్‌హా, అంటే పుస్తకాల, పత్రికల, న్యాయస్థానాల అరబ్బీ. ఒప్పంద పత్రాలు రాసేది ఆ భాషలోనే. గల్ఫ్ ఇళ్ళల్లో మాట్లాడేది వేరు. పట్టా పుచ్చుకున్న అమ్మాయి ఒప్పందం చదవగలదు గానీ వంటింట్లో మాట వింటే తికమకపడుతుంది. తిరిగొచ్చిన పనిమనిషి వంటింటి మాట పూర్తిగా పట్టుకోగలదు గానీ ఒప్పందంలో ఒక్క అక్షరం గుర్తుపట్టలేదు. ఒక భాష తాలూకు రెండు సగాలు ఇద్దరు ఆడవాళ్ళ దగ్గర వున్నాయి. ఒకామెది విద్య అంటున్నాం, రెండో ఆమెది విద్యే కాదంటున్నాం. ఈ తేడా భాష వల్ల వచ్చింది కాదు, వర్గం వల్ల వచ్చింది.

హైదరాబాదుకి భాషల చదువులో చిన్న చరిత్ర లేదు. ఇంగ్లీషు ఉపాధ్యాయులకి శిక్షణ ఇవ్వడానికి 1958లో ఇక్కడ పెట్టిన కేంద్ర సంస్థకి 1972లో విదేశీ భాషలు కూడా చేరి సీఫెల్ అయింది. 2007 నుంచి అది ఇఫ్లూ పేరుతో కేంద్ర విశ్వవిద్యాలయం. ఇంత పెద్ద సంస్థ మన మధ్య వుండటం గర్వించదగ్గదే. కానీ లోపలికి వెళ్ళాలంటే ఇంగ్లీషు అనే గడప దాటాలి. నేను ఒక విశ్వవిద్యాలయంలో సాయంత్రం తరగతుల్లో జర్మన్ సర్టిఫికెట్ చదివాను. పేరు అనవసరం. జర్మన్ వ్యాకరణమంతా ఇంగ్లీషులోనే చెప్పేవారు. తెలుగు మీడియంలో చదివొచ్చిన అమ్మాయిలు జర్మన్ క్రియాపదం కన్నా ముందు దాన్ని వివరించే ఇంగ్లీషు వాక్యంతో కుస్తీ పట్టేవాళ్ళు. నిజానికి క్రియని వాక్యం చివర పెట్టడం జర్మన్ ఉపవాక్యాల్లో మామూలు, తెలుగులో మరీ మామూలు. ఇంగ్లీషు మీదుగా కాకుండా తెలుగు నుంచి నేరుగా చెబితే ఒక్క మాటలో పోయేదానికి మూడు వారాలు పట్టింది.

సగం ఏడాది గడిచేసరికి తగ్గిపోయినవాళ్ళల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే. భాష కష్టమై కాదు. తరగతి ఏడింటికి అయిపోతుంది, హాస్టల్ గేటు మూసేస్తారు. పిల్లలున్నవాళ్ళకి ఇంటి దగ్గర వంట. ఆఖరి బస్సు భయం. 2015లో ఢిల్లీ విద్యార్థినులు పింజ్రా తోడ్ పేరుతో హాస్టల్ వేళల మీద చేసిన ఉద్యమాన్ని చాలామంది అల్లరి పిల్లల గొడవగా చూశారు. సాయంత్రం తరగతుల హాజరు పట్టీ చూసుంటే అలా అనేవాళ్ళు కాదు. మొదటి మెట్టు మీద ఆడా మగా సమానంగా కనపడి, పై మెట్టుకి పోయేసరికి ఆడవాళ్ళు రాలిపోతుంటే అది ప్రతిభ గొడవ కాదు, గేటు తాళం గొడవ.

పేదవాళ్ళకి పరాయి భాష నేర్పడం కుదరని పనా? జర్మనీ ఆస్పత్రుల్లో నర్సులు కరువయ్యారు. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 స్థాయి జర్మన్ కావాలి. ఇంకేముంది, కేరళలోనూ తెలంగాణలోనూ ప్రభుత్వ సంస్థలే నర్సింగ్ చదివిన అమ్మాయిలకి జర్మన్ నేర్పించే ఏర్పాట్లు చేస్తున్నాయి. మామూలు ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు ఏడాదిలోపే బీ1 అందుకుంటున్నారు. సంతోషమే. అంటే యజమానికి అవసరమైతే భాష నేర్పడం సాధ్యమే. నర్సు రోగితో మాట్లాడాలి, డాక్టరుకి జవాబు చెప్పాలి కాబట్టి ఆమెకి నోరు కావాలి. ఇంటి పనిమనిషికి చెవులుంటే చాలు. ఆమెకి భాష నేర్పడం వల్ల యజమానికొచ్చే లాభమేమీ లేదు, నష్టమే వుంది. అందుకే ఆ ఖర్చు ఎవరూ పెట్టుకోరు.

2020 జాతీయ విద్యా విధానం ఉన్నత పాఠశాల స్థాయిలో నేర్పదగిన విదేశీ భాషలకి ఉదాహరణలుగా కొరియన్, జపనీస్, థాయ్, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, పోర్చుగీస్, రష్యన్ పేర్లు చెప్పింది. అరబ్బీ అందులో లేదు. ఉదాహరణలే కదా, నిషేధం కాదు కదా అనవచ్చు. మన రెండు రాష్ట్రాల నుంచి దశాబ్దాలుగా ఎక్కువమంది కష్టజీవులు ఏ భాష మాట్లాడే ఇళ్ళకీ ఎడారులకీ పోతున్నారో ఆ భాష ఉదాహరణకి కూడా గుర్తు రాలేదంటే, ఆ జాబితా ఎవరి పిల్లల్ని మనసులో పెట్టుకుని రాశారో ఊహించుకోవచ్చు.

ఇక ప్రభుత్వం ఆడవాళ్ళని కాపాడే పద్ధతి మనకి కొత్త కాదు. 1983 నాటి వలస చట్టం కింద, పదో తరగతి పాసుకాని స్త్రీ 30 ఏళ్ళు నిండకుండా గల్ఫ్‌కి ఇంటి పనికి పోకూడదని నిబంధన పెట్టారు. 2016లో ప్రైవేటు ఏజెంట్ల ద్వారా పోకూడదన్నారు. ఏజెంట్లని కట్టడి చేయడం మంచిదే. కానీ అడ్డుపెట్టడానికి ఇన్ని నిబంధనలు తెలిసిన ప్రభుత్వానికి నేర్పడానికి వచ్చేసరికి చేతికొచ్చింది ఒక్క రోజు ప్రయాణ శిక్షణ. వయసు నిండని ఆడవాళ్ళు విజిట్ వీసా మీద పోతూనే వున్నారు. పట్టుబడితే ఖల్లివెల్లి అనిపించుకుని దాక్కుంటున్నారు. ఆ మాట అరబ్బీదే, అర్థం కూడా తెలియకుండానే వాళ్ళ పేరయిపోయింది.

మనం అడగాల్సింది పెద్దగా లేదు. కడపలో యోగి వేమన, రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయాలు 2006లో పెట్టినవి, వలస పోయే వూళ్ళకి దగ్గరగా వున్నవి. పగటిపూట, ఆడవాళ్ళకి వీలైన వేళల్లో, తెలుగులో చెబుతూ అరబ్బీ మొదటి మెట్టు నుంచి కనీసం మూడో మెట్టు దాకా నేర్పే తరగతులు అక్కడ కావాలి. పదో తరగతి పాసు కావాలనే షరతు వద్దు. అదెలా కుదురుతుందని అధికారులు అడిగితే, బడి చదువు లేనివాళ్ళని అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలోకి తీసుకున్న సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లోనే హైదరాబాదులో వచ్చిందని గుర్తు చేయాలి. మాట్లాడటం నేర్పడానికి తిరిగొచ్చిన స్త్రీలని జీతమిచ్చి పెట్టుకోవాలి. రాత నేర్పడానికి ఇఫ్లూ, ఉస్మానియా విద్యార్థినులు రావాలి. ముందు నేర్పాల్సిన వాక్యాలు నా జీతం, నా పాస్‌పోర్టు, నా సెలవు, దీనిలో ఏం రాసుంది, చదవకుండా ముద్ర వేయను.

మొదటి పాఠ్యపుస్తకం మనమే మొదలుపెడదామని సంఘం సమావేశంలో అనుకున్నాం. మీ మండలాల్లో గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన స్త్రీలతో కూర్చుని వాళ్ళకి తెలిసిన మాటలు, అక్కడ అవసరమై నోటికి రాని మాటలు, రెండూ విడివిడిగా రాసి వచ్చే సంచికలోగా పంపండి. తిట్లు కూడా వదలొద్దు. అరబ్బీ మాటల్ని తెలుగు లిపిలో వాళ్ళు పలికినట్టే రాయండి, మీరు సరిదిద్దకండి.